బండి షెడ్డులో మంచినీళ్ళ తొట్టి



కొత్తగా ఇల్లు కట్టుకునేవారు బండికి షెడ్డు వేయడం మరచిపోరు. ఆ షెడ్డుకు ప్లాను గీసే రోజునే వాననీటి తొట్టికి కూడా చోటు చూసుకోవాలి. గోడలు లేచిన తరువాత చూద్దాంలే అనుకుంటే పైపు ఒక మూలకు, తొట్టి మరో మూలకు పోతాయి.

ఏ వస్తువునైనా ముందు అది దేనికోసమని అడగమంటుంది తత్త్వశాస్త్రం. ఈ తొట్టి స్నానాలకూ బట్టలకూ కాదు. తాగడానికీ వండుకోవడానికీ మాత్రమే. పాత ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతంలో చాలా ఊళ్ళ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. దర్శి, పొదిలి, కనిగిరి 1970 వరకు నెల్లూరు జిల్లాలోనివి. ఆ జిల్లాలోని ఫ్లోరోసిస్ గురించి షార్ట్, పండిట్, రాఘవాచారి 1937లోనే వైద్య పత్రికలో రాశారు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు. బోరు నీళ్ళు కాచి ఇస్తే పిల్లలకు భయం లేదని నమ్మే తల్లులున్నారు. కాస్తే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడ్ పోదు. నీళ్ళు ఇగిరేకొద్దీ మిగిలినదానిలో అది మరింత చిక్కబడుతుంది! ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు చిగుళ్ళ లోపల పళ్ళు తయారవుతుంటాయి. ఆ వయసులో పట్టిన గార తోమితే పోయేది కాదు. వాననీటిలోనైతే ఫ్లోరైడ్ ఉండీ లేనట్టే.

ఇక లెక్క. 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గల కప్పు అంటే సుమారు 18.5 చదరపు మీటర్లు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. ఏడాదికి 700 మిల్లీమీటర్లే పడి, అందులో ఐదోవంతు వృథా అయినా పదివేల లీటర్లు దాటుతుంది. ఐదుగురికి రోజుకు 25 లీటర్లు చొప్పున జనవరి నుంచి జూన్ వరకు 4,500 లీటర్లు కావాలి. లోపలి కొలత 6 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 5 అడుగుల ఎత్తు ఉంటే సుమారు 5,000 లీటర్లు పడతాయి. అక్టోబరు, నవంబరు వానలకు నిండితే ఎండాకాలం గడుస్తుంది.

నిండిన తొట్టి బరువు నీళ్ళే ఐదు టన్నులు. షెడ్డు శ్లాబు మీద పెట్టే ఆలోచన వద్దు. భూమిలో దించడమూ వద్దు. మన నల్లరేగడి తడికి ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది, గోడను పగలగొడుతుంది. తొట్టి కింద మేర నల్లమట్టి తీయించి, గ్రావెల్ పోసి దిమ్మిస కొట్టించి, నేల మీదే కట్టించండి. పొంగిన నీళ్ళు పునాది దగ్గర నిలవకుండా పైపు దూరంగా వదలాలి.

పత్తికీ మిరపకూ కొట్టే మందు గాలికి కప్పుల మీద పడుతుంది. అందుకని మొదటి వాన నీళ్ళను తొట్టిలోకి పోనివ్వకూడదు. కప్పు నుంచి వచ్చే పైపుకు టీ బిగించి, ఎనిమిది అడుగుల నాలుగంగుళాల పైపును నిలువుగా దించి, అడుగున మూత పెట్టండి. మొదటి 20 లీటర్ల మురికి అందులో దిగుతుంది; అది నిండాకే తేట నీళ్ళు తొట్టిలోకి మళ్ళుతాయి. వాన వెలిశాక మూత విప్పి ఖాళీ చేయాలి. మందు కొట్టే రోజులైతే మొదటి వాన మొత్తం వదిలేయడమే మేలు.

యిర్మీయా ప్రవక్తను దించిన గొయ్యి కూడా వాననీటి తొట్టియే. నీళ్ళు లేక అడుగున బురద మాత్రం మిగిలింది. మన తొట్టిలోనూ బురద చేరుతుంది. కొళాయిని అడుగుకు అరడుగు పైన బిగించి, కడగడానికి వేరే రంధ్రం అడుగునే ఉంచండి. మూతకూ పొంగు పైపుకూ సన్నని జాలీ కట్టకపోతే దోమలు పెరుగుతాయి. ఈ నీళ్ళను మాత్రం కాచే తాగాలి.

ప్లంబరు సులువుగా ఉంటుందని ఈ లైనును బోరు లైనుతో కలుపుతానంటాడు. ఒప్పుకోవద్దు, కలిస్తే ఫ్లోరైడ్ మళ్ళీ మీ గ్లాసులోకే వస్తుంది. మందు డబ్బాలూ స్ప్రేయరూ ఆ షెడ్డులో పెట్టకండి. ఖాళీ మందు డ్రమ్మును ఎన్నిసార్లు కడిగినా అందులో మంచినీళ్ళు పట్టకండి.