దారం ఎందుకు తెగింది?

అండమాన్ దీవులు బంగాళాఖాతంలో ఉన్నాయి. విశాఖపట్నం నుంచి దాదాపు 1,200 కిలోమీటర్ల దూరం. అక్కడి పెద్ద ఊరు పోర్ట్ బ్లెయిర్. 2024లో దాని పేరు శ్రీ విజయపురం అని మార్చారు. ఆ ఊళ్ళో జంగ్లీఘాట్ అనే పేట ఉంది. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వెళ్ళిన తెలుగు జాలరి కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి.

ఆ పేటలో ఒక ఇల్లు. ఇంట్లో మామ, కొడుకు, కోడలు, బడికి పోయే మనవరాలు ఉంటారు. మామ పెద్దవాడయ్యాడు. ఇప్పుడు వేటకు పోడు. కోడలు బజారులో చేపలు అమ్ముతుంది. కొడుకు ఒక పడవ మీద కూలికి పోతాడు. ఆ పడవ సరదాకు చేపలు పట్టేవాళ్ళను సముద్రంలోకి తీసుకుపోతుంది.

సరదా వేటకు వల ఉండదు. గడ ఉంటుంది. గడకు రీలు ఉంటుంది. రీలులో కండె, ఆ కండెకు తంగూసు చుట్టి ఉంటుంది. పడవ నడుస్తూ ఉంటే ఎర వెనకాలే నీళ్ళలో వస్తుంది. సూర, వంజరం లాంటి చేపలు దాన్ని తరిమి పట్టుకుంటాయి. ఈ వేటను ట్రోలింగ్ అంటారు.

ఒకరోజు కొడుకు దిగాలుగా ఇంటికి వచ్చాడు.

"ఏటయింది?" అని అడిగింది కోడలు.

"పెద్ద చేప పడింది. తంగూసు లాక్కుని పోయింది. కండె సగానికి దిగిపోయింది. ఆపుదామని రీలు బిగించాను. టప్పున తెగింది. ఇంకోసారి ఇలాగయితే కూలిలో కోస్తానన్నాడు పడవ ఓనరు. తంగూసే నాసిరకం" అన్నాడు.

కోడలు తెగిన కొసను వేళ్ళతో తడిమి చూసింది. రాయికో, చేప పళ్ళకో రాసుకుంటే కొస గరుకుగా ఉంటుంది. ఇది నున్నగానే ఉంది. తంగూసు వచ్చిన డబ్బా తీసి చూసింది. దాని మీద 50 అని ఉంది. ఆ అంకె ఆమె చదవగలదు. పక్కనున్న ఇంగ్లీషు మాటను మనవరాలు చదివింది. పౌన్లు. ఒక పౌను అంటే దాదాపు 450 గ్రాములు. 50 పౌన్లంటే ఇరవై రెండున్నర కిలోలు. అంత బరువు లాగితే గాని అది తెగకూడదు.

మామ తన అరచేతులు చూపించాడు. చేతి గాలం నాటి గీతలు ఇంకా పోలేదు.

"చేప పరుగు తీస్తే నేను దారం వదిలేవాణ్ణి అమ్మా. చేయి కోసుకున్నా సరే, గట్టిగా పట్టేవాణ్ణి కాదు. అది ఆగినప్పుడు లాగేవాణ్ణి. మరి ఈ రీలు ఎలా వదులుతుంది?" అన్నాడు.

రీలు కూడా వదులుతుంది. కండె పక్కన గుండ్రటి బిళ్ళలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. వాటినే వాషర్లు అంటారు. పైనున్న మర తిప్పితే అవి ఒకదాన్నొకటి ఒత్తుకుంటాయి. చేప గట్టిగా లాగితే బిళ్ళలు జారుతాయి. దారం కొంచెం కొంచెంగా పోతుంది. దీనికి డ్రాగ్ అని పేరు. సైకిలు బ్రేకు లాంటిదే. తంగూసు ఓపే బరువులో మూడో వంతుకు దీన్ని బిగించాలి. అంటే ఇక్కడ ఏడున్నర కిలోలు.

"ఎంతకు బిగించావు?" అని అడిగింది కోడలు.

"చేత్తో లాగి చూశాను. సరిపోతుందనిపించింది."

కోడలు తన స్ప్రింగు కాటా తెచ్చింది. తంగూసు కొసకు కాటా కొక్కెం తగిలించింది. కొడుకు గడ పట్టుకున్నాడు. ఆమె మెల్లగా లాగింది. ముల్లు 12 దాకా పోయింది. అప్పుడు గాని కండె కదలలేదు. కదలగానే ముల్లు 7కు పడింది. మళ్ళీ పట్టేసింది. మళ్ళీ 12.

బిళ్ళలు అంటుకుపోతున్నాయన్నమాట. పట్టి వదిలి, పట్టి వదిలి, గుంజుతున్నాయి.

అది ఒక్కటే కాదు. తలుపు రెక్కను అంచు దగ్గర నెడితే సులువుగా కదులుతుంది. బందు దగ్గర నెడితే బరువు. కండె కూడా అంతే. దారం నిండుగా ఉంటే సులువుగా తిరుగుతుంది. చుట్టు సగానికి దిగితే రెట్టింపు బలం కావాలి. 12కు రెట్టింపు 24. తంగూసు ఓపేది ఇరవై రెండున్నర. పైగా కొడుకు అప్పుడే ఇంకా బిగించాడు!

"అప్పుడు వదులు చెయ్యాల్సింది" అన్నాడు మామ. కొడుకు మాట్లాడలేదు.

కొడుకు గుడ్డ పరిచి రీలు విప్పాడు. బిళ్ళలను వచ్చిన వరసలోనే గుడ్డ మీద పెట్టాడు. కోడలు పక్కన 1, 2, 3 అని అంకెలు వేసింది. వరస తప్పితే రీలు పనిచెయ్యదు. బిళ్ళల మధ్య ఉప్పు తెల్లగా పేరుకుని ఉంది. పాత గ్రీజు గట్టిపడింది.

తప్పు ఎక్కడుందో కోడలికి తెలిసింది. వేట నుంచి రాగానే రీలును ఆమే బకెట్టులో ముంచి కడిగేది. అలా ముంచితే ఉప్పునీళ్ళు లోపలికి పోతాయి. కడిగే ముందు డ్రాగ్ బిగించాలి. మంచినీళ్ళు పైనుంచి మెల్లగా పొయ్యాలి. గుడ్డతో తుడవాలి. తర్వాత డ్రాగ్ పూర్తిగా వదులు చేసి దాచాలి. బిగించి దాస్తే బిళ్ళలు అంటుకుపోతాయి.

ఇంట్లో ఉన్న కుట్టుమిషను నూనె వేద్దామన్నాడు కొడుకు. మనవరాలు రీలుతో వచ్చిన కాగితం చదివింది. నూనె వెయ్యొద్దు, డ్రాగ్ గ్రీజే పల్చగా రాయాలి అని ఉంది. నూనె తగిలితే ఎంత బిగించినా బిళ్ళలు జారుతూనే ఉంటాయి. కొన్ని రీళ్ళకు గ్రీజు కూడా పనికిరాదు. అందుకే కాగితం పారెయ్యకూడదు.

ఇంకో సంగతి మామ అడిగాడు. పక్కింటి కుర్రాడి రీలు ఎంత బిగించినా నిలవడం లేదట. కొడుక్కి అది తెలుసు. అతను సన్నటి అల్లిక దారం చుట్టాడు. కండె నున్నగా ఉంది. కండె కదలకుండానే దారమంతా దాని మీద తిరిగిపోతోంది. కండెను బొటనవేలితో పట్టుకుని దారం లాగితే తెలిసిపోతుంది. అడుగున కొంచెం తంగూసు చుట్టి, దాని మీద అల్లిక దారం చుడితే సరి.

బిళ్ళలు తుడిచి, గ్రీజు రాసి, వరసగా బిగించారు. కోడలు మళ్ళీ కాటా తగిలించింది. మర కొంచెం కొంచెం తిప్పుతూ లాగింది. ముల్లు 8 దగ్గర కదిలింది. ఏడున్నర దగ్గర నిలిచింది. కండె గుంజకుండా తిరిగింది.

ఆమె ఒక చీటీ మీద "ఏడున్నర కిలోలు" అని రాసింది. దాన్ని గడకు కట్టింది.

"ఇంకో రీలుంది. దానికి 30 పౌన్ల తంగూసు" అన్నాడు కొడుకు.

కోడలు పెన్సిలు తీసుకుని లెక్క మొదలుపెట్టింది. 30 పౌన్లంటే పదమూడున్నర కిలోలు. అందులో మూడో వంతు...

"నాలుగున్నర" అంది మనవరాలు.

"ఆగవే, నన్ను చెయ్యనీ" అంది కోడలు.