ఛాయాచిత్రము చెప్పిన అబద్ధము

చెప్పుడు మాటలు చేటు తెచ్చునని పెద్దలందురు. అట్లయిన, కంటికి కనబడు ఛాయాచిత్రమును నమ్మవచ్చునా? విద్యార్థులు విచారింపదగిన యొక వృత్తాంతమును ఇచ్చట వ్రాయుచున్నాము.

స్కాట్లండు దేశమున నెస్ అను సరస్సు కలదు. దాని పొడవు సుమారు 23 మైళ్లు. లోతు 700 అడుగులకు మించినది. అందొక వింత జంతువు కనబడెనని 1933వ సంవత్సరమున వార్త వ్యాపించెను. దానిని వెదకుటకై ‘డెయిలీ మెయిల్’ పత్రికవారు వెదరెల్ అను వేటగానిని పంపిరి. అతడు ఒడ్డున పెద్ద అడుగుజాడలను కనుగొంటిననెను. లండనులోని ప్రకృతిశాస్త్ర ప్రదర్శనశాలవారు పరీక్షించి, అవి నీటిగుఱ్ఱపు కాలితో అద్దిన గుర్తులని తేల్చిరి. వెదరెల్ నవ్వులపాలయ్యెను.

1934 ఏప్రిలు 21వ తేదీన అదే పత్రికలో ఒక ఛాయాచిత్రము వెలువడెను. అందు నీటిపై పొడవైన మెడయు, చిన్న తలయు కనబడుచుండెను. దానిని పత్రికకు అందజేసినవాడు విల్సన్ అను లండను వైద్యుడు. అంతటి గౌరవనీయుడు బొంకునాయని పలువురు నమ్మిరి.

సుమారు అరువది యేండ్లకు, అనగా 1994లో, నిజము లోకమునకు వెల్లడియయ్యెను. తన్ను నవ్వులపాలు చేసినవారిపై పగ తీర్చుకొనుటకై వెదరెల్ ఈ పన్నాగము పన్నెననియు, ఆటబొమ్మయైన జలాంతర్గామిపై మెడను, తలను అతికించి నీట విడిచిరనియు, ఆ బొమ్మను చేసిన అతని సవతికుమారుడు స్పర్లింగ్ తన వార్ధక్యమున ఒప్పుకొనెను.

చిన్న బొమ్మ భూతమువలె ఎట్లు కనబడెను? అచ్చువేయునపుడు చిత్రము అంచులను కత్తిరించిరి. పూర్తి చిత్రమున ఆవలి యొడ్డును, విశాలమైన నీటిని చూచినచో ఆ వస్తువు అల్పమైనదని తోచును. పరిమాణము తెలిసిన వస్తువు ప్రక్కన లేనపుడు కన్ను తన యిచ్చవచ్చిన పరిమాణమును కల్పించుకొనును. ఒక గులకరాతిని దగ్గరనుండి చిత్రము తీసి, పిమ్మట దాని ప్రక్కన రూపాయి నాణెమునుంచి తీసి చూడుడు, భేదము తెలియగలదు.

యంత్రము తన యెదుటనున్న బొమ్మనే పట్టినది. దానిని భూతమని చెప్పినవారు మనుష్యులు. అబద్ధసాక్ష్యమును నిషేధించు ఆజ్ఞ నోటిమాటకే గాక, చూపు చిత్రమునకును వర్తించునని మా యభిప్రాయము. ఒకని పగనుండి పుట్టిన యీ బొంకును నమ్మి ఎందరో ఆ సరస్సును వెదకి కాలమును, ధనమును వ్యయపరచిరి.

నేడు అనేకుల చేతులయందు ఛాయాచిత్ర యంత్రములున్నవి. కావున బాలబాలికలారా, వింత చిత్రమును చూచినపుడు మూడు ప్రశ్నలడుగుడు: దీనిని తీసినవారెవరు? అంచులకావల ఏమున్నది? కొలతకు ఆధారమేది? ఉత్తరము దొరకువరకు దానిని ఇతరులకు చూపకుడు.