నేరస్థుడైన కాందిశీకుడు – న్యాయస్థానపు నిలుపుదల

మన తిరువళ్ళూరు జిల్లాలోని గుమ్మిడిపూండియందు శ్రీలంక తమిళుల పునరావాస శిబిరము కలదు. 1983 మొదలుకొని సముద్రము దాటి వచ్చిన కాందిశీకులకు తమిళనాడు ఆశ్రయమొసగినది. అట్టివారిలో నొకడు నేరము చేసి శిక్షింపబడినచో అతనిని స్వదేశమునకు పంపివేయవచ్చునా? పంపబోవు వేళ న్యాయస్థానములు కొన్నియెడల స్టే యిచ్చుట యెందులకు? పిల్లలు పత్రికలు చదివి యడిగినపుడు తల్లిదండ్రులకు తోడ్పడునని యీ విషయమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

మొదట నెరుగవలసినది: శిక్ష వేరు, బహిష్కరణము వేరు. శిక్ష చేసిన తప్పునకు. బహిష్కరణము ఇచట నివసించు హక్కు లేనందులకు. స్టే అనగా తాత్కాలికపు నిలుపుదల ఉత్తర్వు. అది నేరమును మాపదు, నివాసపు హక్కు నీయదు. పంపిన పిమ్మట ప్రాణహాని కలిగినచో ఏ తీర్పును దానిని సరిదిద్దజాలదు గనుక, విచారణ ముగియువరకు వ్యవధి నిచ్చును.

దీనికి మూలము మన రాజ్యాంగముననే యున్నది. 19వ అధికరణము దేశమున నివసించు హక్కును పౌరులకే యిచ్చినది. 21వ అధికరణము మాత్రము ప్రాణమునకును స్వేచ్ఛకును రక్షణను ‘వ్యక్తి’కి, అనగా పరదేశీయునికి సైతము, ఇచ్చినది. 1992లో అండమానులోని 21 మంది బర్మా కాందిశీకుల బహిష్కరణమును, వారి శరణు వినతులు తేలువరకు, సుప్రీంకోర్టు నిలిపివేసెను.

అయినను నేరస్థునికి ఈ రక్షణ సులభముగా లభింపదు. చట్టవిరుద్ధ కార్యకలాపాల నిరోధక చట్టము క్రింద శ్రీలంక తమిళు డొకనికి పదేండ్ల శిక్ష పడెను. 2022లో మద్రాసు హైకోర్టు దానిని ఏడేండ్లకు తగ్గించి, శిక్ష తీరగానే దేశము వీడవలెనని యాజ్ఞాపించెను. స్వదేశమున ప్రాణభయము కలదనియు, భార్యాబిడ్డలు ఇచటనే యున్నారనియు అతడు మొరపెట్టుకొనగా, 2025 మే నెలలో సుప్రీంకోర్టు జోక్యము చేసికొన నిరాకరించెను. నివాసపు హక్కు పౌరులదే యనియు, అతని స్వేచ్ఛ చట్టప్రకారమే తొలగింపబడినదనియు ధర్మాసనము పలికెను.

లోకమందును ఈ విషయమున నేకాభిప్రాయము లేదు. 1951 నాటి కాందిశీకుల ఒడంబడిక, ఘోరనేరమునకు శిక్షపడి సమాజమునకు అపాయకరుడైనవానికి రక్షణ నీయదు. దానిపై భారతదేశము సంతకము చేయలేదు. ఐరోపా మానవహక్కుల న్యాయస్థానమో, 1996లో చాహల్ కేసున, చిత్రహింస కలుగునను నిజమైన భయమున్నచోట ఎంత ప్రమాదకరునినైనను పంపరాదని తీర్పు చెప్పెను.

మనలో తిరుత్తణివారు 1960 ఏప్రిల్ 1న ఇల్లు కదలకయే ఆంధ్రప్రదేశము నుండి మద్రాసు రాష్ట్రమున చేరిరి. పౌరసత్వము మాత్రము చెక్కుచెదరలేదు. కాందిశీకునికి ఆ యాధారము లేదు. అతనికి మిగిలినది ‘వ్యక్తి’ యను మాట యొక్కటే. అతడు నేరస్థుడైనను, పంపుటకు ముందు అతని ప్రాణభయమును విచారించుట న్యాయము. పౌరుడు, వ్యక్తి యను రెండు మాటల భేదమును పిల్లలకు తెలియజెప్పవలసినదిగా తల్లిదండ్రులను కోరుచున్నాము.