గట్టు కాసిన ఆటగాడు



ఫుట్‌బాల్ అనగానే మీకు గోల్ కొట్టేవాళ్లే గుర్తొస్తారు. చొక్కా వెనుక మెస్సీ పేరో రొనాల్డో పేరో వేయించుకున్నవాళ్లు మన తరగతుల్లో చాలామంది ఉన్నారు. ఈ పాఠం మాత్రం గోల్స్ వల్ల పేరు రాని ఒక ఆటగాడి గురించి. ఆయన హైదరాబాదు వారు. ఒలింపిక్స్ జట్టుకు ఎంపికై కూడా అక్కడ ఒక్క నిమిషం ఆడలేదు. అయినా యాభై ఏళ్లకు పైగా మన దేశపు ఫుట్‌బాల్‌కు ఏదో ఒక విధంగా పనిచేస్తూనే ఉన్నారు. ఆయన పేరు సయ్యద్ షాహిద్ హకీం. ఆటగాళ్లు అభిమానంగా ‘హకీం సాబ్’ అని పిలిచేవారు.

ఆ స్థానం ఎలాంటిది?

హకీం ఆడిన స్థానాన్ని ఆ రోజుల్లో ‘హాఫ్ బ్యాక్’ అనేవారు. ఇప్పుడు దాదాపు అదే పని చేసేవాణ్ణి డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్ అంటున్నాం. మైదానం మధ్యలో, తన జట్టు రక్షణ వరుసకు కాస్త ముందు అతను నిలబడతాడు. అతని పనులు ముఖ్యంగా మూడు. ఎదుటి జట్టు బంతిని ఎటు పంపబోతోందో ముందే పసిగట్టి దారిలోనే అడ్డుకోవాలి. తన జట్టువాడు ఒకడు ముందుకు పరుగెత్తితే, వాడు వదిలిన ఖాళీలోకి వెళ్లి నిలబడాలి. బంతి దొరికిన వెంటనే ఆర్భాటం లేకుండా, మంచి చోట ఉన్న తనవాడికి అందించాలి.

ఈ మూడింటిలో ఏదీ స్కోరు పట్టికలో కనబడదు. అడ్డుకున్న బంతికి లెక్క ఉండవచ్చు గాని, అతను అక్కడ నిలబడి ఉండటం వల్ల ఎదుటివాళ్లు అసలు వేయకుండా మానుకున్న పాస్‌కు లెక్క ఎవరు రాస్తారు?

మన పల్లెల్లో వరిమడి చూసిన పిల్లలకు ఇది సులువుగా అర్థమవుతుంది. గట్టు మీద వరి పండదు. కాని గట్టు తెగితే మడిలో నీరు నిలవదు. పంట బాగున్నన్నాళ్లూ గట్టును ఎవరూ మెచ్చుకోరు. తెగిన రోజునే అందరూ పరుగెత్తుకొస్తారు.

పెద్ద పెద్ద క్లబ్బులకు కూడా ఈ విషయం ఆలస్యంగానే తెలిసింది. 2003లో స్పెయిన్ లీగ్ గెలిచిన రియల్ మాడ్రిడ్ జట్టులో ఈ స్థానంలో ఆడినవాడు ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ మకెలెలె. ఆ ఏడే అతను ఇంగ్లండ్‌లోని చెల్సీకి వెళ్లిపోయాడు. ఆ తర్వాత వరుసగా మూడు సీజన్ల పాటు మాడ్రిడ్‌కు లీగ్ టైటిల్ దక్కలేదు. అందుకు కారణాలు ఇంకా ఉన్నాయి. కాని ఆ తర్వాత ఈ స్థానాన్నే ‘మకెలెలె రోల్’ అని పిలవసాగారు. 2024లో ప్రపంచంలో ఉత్తమ ఆటగాడికిచ్చే బాలన్ డి ఓర్ బహుమతి స్పెయిన్‌కు చెందిన రోడ్రికి వచ్చింది. అతనూ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డరే.

తండ్రి, గురువు

హకీం 1939లో పుట్టారు. తండ్రి సయ్యద్ అబ్దుల్ రహీం. ‘మైదాన్’ అనే హిందీ సినిమా చూసినవారికి ఈ పేరు తెలిసే ఉంటుంది. రహీం హైదరాబాదులో బడిపంతులుగా పనిచేసి, తర్వాత ఫుట్‌బాల్ శిక్షకుడయ్యారు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో మన ఢిల్లీ నేషనల్ స్టేడియంలో ఇరాన్‌ను 1-0తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

అలాంటి శిక్షకుడి ఇంట్లో హకీం ఆట నేర్చుకున్నారు. సిటీ కాలేజ్ ఓల్డ్ బాయ్స్ జట్టుకు ఆడారు. తర్వాత భారత వైమానిక దళంలో చేరి, ఆ జట్టుకు ఆడారు. 1960లో సంతోష్ ట్రోఫీ గెలిచిన సర్వీసెస్ జట్టులో ఆయన కూడా ఒకరు.

రోమ్, 1960

అదే ఏడు రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టులో హకీం పేరు ఉంది. శిక్షకుడు సొంత తండ్రే. మన జట్టు మూడు ఆటలు ఆడింది. హంగరీ చేతిలో 1-2తో ఓడింది. ఫ్రాన్స్‌తో 1-1తో సమానంగా నిలిచింది. పెరూ చేతిలో 1-3తో ఓడింది. హంగరీ మీద గోల్ కొట్టినవాడు సికింద్రాబాదు కుర్రవాడు తులసీదాస్ బలరాం. ఈ మూడు ఆటల్లో ఒక్కదానిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు.

ఇప్పుడైతే ఆట మధ్యలో ఒకరిని పిలిచి ఇంకొకరిని పంపుతారు. ప్రపంచ కప్‌లో ఆ అవకాశం 1970లో గాని రాలేదు. ఆ రోజుల్లో మొదటి పదకొండు మందిలో పేరు లేనివాడు ఆటంతా చూస్తూ కూర్చోవలసిందే. కొడుకైనా సరే, తండ్రి ఆ పదకొండు మందిలోకి తీసుకోలేదు. 1962లో జకార్తాలో రహీం శిక్షణలోనే మన జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ ఆసియా బంగారు పతకం గెలిచింది. ఆ జట్టులోనూ హకీం లేరు. మరుసటి ఏడు జూన్ 11న రహీం క్యాన్సర్‌తో కన్నుమూశారు.

ఇక్కడితో కథ ముగిసిందని ఎవరైనా అనుకోవచ్చు. హకీం అనుకోలేదు.

తర్వాతి యాభై ఏళ్లు

వైమానిక దళంలో ఆయన స్క్వాడ్రన్ లీడర్ హోదా దాకా ఎదిగారు. ఫీఫా గుర్తింపు పొందిన రిఫరీగా ముప్పైకి పైగా అంతర్జాతీయ ఆటలు నడిపించారు. ఇది కూడా హాఫ్ బ్యాక్ పని లాంటిదే చూడండి. బంతి ఎటు వెళ్తుందో ముందే ఊహించి అక్కడ ఉండాలి. పని చక్కగా చేసిన రోజున రిఫరీ పేరు ఎవరికీ గుర్తుండదు.

1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు భారత జట్టు ప్రధాన శిక్షకుడు పీ.కే. బెనర్జీ. ఆయనకు సహాయకులుగా ఉన్నవారిలో హకీం ఒకరు. రోమ్‌లో బెనర్జీ ఆడుతుండగా హకీం చూస్తూ కూర్చున్నారన్న సంగతి మరచిపోకండి. ఆ తర్వాత స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో ప్రాంతీయ సంచాలకులుగా పనిచేశారు. 2017లో మన దేశంలో పదిహేడేళ్లలోపు బాలుర ప్రపంచ కప్ జరగడానికి ముందు, దేశమంతటా ప్రతిభ గల పిల్లలను వెతికే పనికి బాధ్యత వహించారు. అప్పటికి ఆయన వయసు డెబ్బై దాటింది.

ఆ పోటీల్లో 2017 అక్టోబరు 9న ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో భారత్ కొలంబియాతో తలపడింది. 1982 ఆసియా క్రీడల కోసం కట్టిన స్టేడియమే అది. 82వ నిమిషంలో కార్నర్ నుంచి వచ్చిన బంతిని తలతో కొట్టి మణిపూర్ బాలుడు జీక్సన్ సింగ్ గోల్ చేశాడు. ఫీఫా ప్రపంచ కప్ పోటీల్లో భారత్‌కు అదే మొదటి గోల్. ఆ సంబరం ముగిసీ ముగియకముందే కొలంబియా మరో గోల్ కొట్టి 2-1తో గెలిచింది. జీక్సన్ ఆడేది కూడా మైదానం మధ్యలో, రక్షణ వరుస ముందే! గట్టు కాసేవాడికీ ఒక్కోసారి పంట చేతికొస్తుంది. వచ్చిన మరుక్షణమే మళ్లీ గట్టు మీదికి వెళ్లాలి.

హకీం గారికి 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం లభించింది. 2021 ఆగస్టు 22న కలబురగిలో, 82 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు.

మనకు దీనితో ఏమిటి పని?

మన బడుల్లో చాలామంది పిల్లలు అమ్మానాన్నల బదిలీలతో ఊళ్లు మారుతుంటారు. నేనూ అలా ఊళ్లు మారుతూ వచ్చినదాన్నే. అక్టోబరులో వచ్చి చేరిన పిల్లవాడికి అప్పటికే జట్టు ఎంపిక అయిపోయి ఉంటుంది. నాటకంలో పాత్రలు పంచేసి ఉంటారు. వాడికి మిగిలేది చివరి బెంచీ, అదనపు ఆటగాడి చొక్కా. అది న్యాయం కాదనిపిస్తుంది. నిజానికి కొన్నిసార్లు న్యాయం కాదు కూడా. హకీం జీవితం ఆ బాధ లేదని చెప్పదు. ఆడనివ్వని మైదానం నుంచి మనిషి తప్పుకోనక్కరలేదని, అక్కడ చేయవలసిన పనులు ఇంకా ఉంటాయని మాత్రం చెబుతుంది. అలాగే జట్టును ఎంచుకునే పిల్లలకు ఒక మాట. చివరి బెంచీలో ఉన్నవాణ్ణి ఒకసారి పిలిచి ఆడించి చూడండి.

భాషాంశం

కింది మూడు వాక్యాలూ ఒకే సంగతిని చెబుతున్నట్టు కనిపిస్తాయి. కాని వాటి అర్థాలు వేరు.

అ) హకీం రోమ్‌లో ఆడలేదు. – జరిగిన విషయం మాత్రమే తెలుస్తుంది.
ఆ) హకీం రోమ్‌లో ఆడలేకపోయారు. – ఆడాలని ఉన్నా ఏదో అడ్డు వచ్చిందనో, శక్తి చాలలేదనో ధ్వనిస్తుంది.
ఇ) హకీంకు రోమ్‌లో ఆడే అవకాశం రాలేదు. – లోపం ఆటగాడిది కాదని సూచిస్తుంది.

ఒక మనిషి గురించి చెప్పేటప్పుడు ఈ మూడింటిలో ఏది వాడుతున్నామో చూసుకోవాలి. క్రియ మారితే తీర్పు మారుతుంది.

పదాలు – అర్థాలు

మడి = వరి పండించే చిన్న పొలం భాగం
గట్టు = మడి చుట్టూ నీరు పోకుండా వేసే మట్టికట్ట
పసిగట్టు = ముందే తెలుసుకొను
ఆర్భాటం = హడావిడి, డాబు
హోదా = పదవిలో స్థాయి

ఆలోచించి రాయండి

1. డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్‌ను గట్టుతో ఎందుకు పోల్చారు? మీకు తోచిన మరో పోలిక రాయండి.
2. రహీం స్థానంలో మీరుంటే సొంత కొడుకును ఆడించేవారా? కారణాలు రాయండి.
3. మీ బడిలో ఎవరి కంటా పడకుండా మంచి పని చేసే ఒకరి గురించి పది వాక్యాలు రాయండి. ‘లేదు’, ‘లేకపోయారు’, ‘అవకాశం రాలేదు’ అనే మూడు ప్రయోగాలూ అందులో వాడండి.