గోడ ఆరేదాకా: మా కొత్త ఇంటి పనుల పుస్తకం

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు మన పెద్దలు. పెళ్లి సంగతి మాకు తెలియదు గాని, ఇంటి సంగతి ఈ ఏడాది రాయ్‌పూర్‌లో కొంత తెలిసింది. స్లాబు పడిన రోజున వచ్చిన చుట్టాలందరూ "ఇంకేముంది, ఇల్లు అయిపోయినట్టే" అన్నారు. కానీ చూసేవాళ్లకు ఇల్లు అయిపోయినట్టు కనిపించే రోజునే సగం పని మొదలవుతుంది. గోడల్లో పైపులు, తీగలు, సిమెంటు పూత, స్నానాల గది నేల, తలుపులు, రంగు, వీటన్నిటినీ కలిపి ఫినిషింగ్ పనులు అంటారు. ఇందులో చాలా భాగం పూర్తయ్యాక కంటికి కనబడదు. కనబడదు కాబట్టే రాసి పెట్టుకోవాలి. మేము రాసి పెట్టుకున్న పుస్తకంలోంచి, తోటి విద్యార్థులకు పనికొస్తాయనుకున్న కొన్ని సంగతులు ఇక్కడ చెబుతాం.

మాది విజయనగరం వైపు కుటుంబం. రాయ్‌పూర్, విజయనగరం మధ్య రైలు మార్గం 1931లో పూర్తయింది. మావాళ్లలాంటి ఎన్నో కుటుంబాలు ఆ దారినే ఇటు వచ్చాయి. ఇల్లు కట్టే చోట మాత్రం తెలుగు మాట ఒక్కటీ వినబడదు. మేస్త్రీలందరూ ఛత్తీస్‌గఢీ, హిందీ మాట్లాడతారు. స్లాబు పోయడాన్ని ఢలాయి అంటారు, గోడకు సిమెంటు పూయడాన్ని ఛపాయి అంటారు, పూతను నీళ్లతో తడపడాన్ని తరాయి అంటారు, రంగు వేయడాన్ని పుతాయి అంటారు. నాన్నమ్మ ఈ మాటలన్నీ మా పుస్తకం చివరి పేజీలో తెలుగులో రాసి, పక్కన అర్థాలు రాసుకుంది. ఒక్క మేస్త్రి అనే మాటకు మాత్రం అర్థం రాయవలసిన పని లేకపోయింది. వాళ్లు మిస్త్రీ అంటారు, మనం మేస్త్రి అంటాం. రెండూ పోర్చుగీసు భాషలోని 'మెస్త్రె' నుంచి వచ్చినవే.

పుస్తకం అంటే రెండు వందల పేజీల పొడవు నోటు పుస్తకం, అంతే. ఎడమ పేజీలో ఆ రోజు జరిగిన పని, కుడి పేజీలో కొలతలు, ఖర్చు. నాన్న బిల్లులు అంటించేవారు. అమ్మ ఫొటోలు తీసేది. కొలతలు మా ఇద్దరివి, అంటే పదో తరగతి చదివే అక్కవీ ఏడో తరగతి చదివే తమ్ముడివీ.

ఫొటోల విషయంలో అమ్మ ఒక పద్ధతి పెట్టింది. పూత పడకముందు ప్రతి గోడనూ ఫొటో తీయాలి. తీసేటప్పుడు గది మూల నుంచి టేపు పరిచి, టేపు మీది అంకెలు కనిపించేలా తీయాలి. గోడను కొట్టి అందులో పెట్టిన పైపు పూత పడ్డాక ఎక్కడుందో ఎవరూ చెప్పలేరు, పెట్టిన మనిషితో సహా. రేపు దేవుడి పటం కోసం మేకు కొడితే అది నీళ్ల పైపుకు తగలవచ్చు, కరెంటు తీగకు తగలవచ్చు. టేపుతో తీసిన ఫొటో ఉంటే, మూల నుంచి 85 సెంటీమీటర్ల దగ్గర పైపు నిలువుగా వెళ్తోందని పదేళ్ల తరువాతైనా తెలుస్తుంది. ఈ ఫొటోలకు ఖర్చు లేదు. అయినా మాకు తెలిసినవాళ్లలో వీటిని తీసిపెట్టుకున్నవాళ్లు తక్కువే.

తీగల రంగులు కూడా అప్పుడే నేర్చుకున్నాం. మన దేశంలో ఎరుపు, పసుపు, నీలం తీగలు కరెంటు వచ్చే ఫేజులకు, నలుపు న్యూట్రల్‌కు, ఆకుపచ్చ ఎర్త్‌కు వాడతారు. మీటరు బోర్డు దగ్గర ఆర్‌సీసీబీ అనే పరికరం పెడతారు. వెళ్లిన కరెంటుకూ తిరిగి వచ్చిన కరెంటుకూ తేడా వస్తే అది సరఫరాను ఆపేస్తుంది. ఇళ్లలో వాడేది 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే పడిపోతుంది. దాని మీద పరీక్ష మీట ఒకటి ఉంటుంది. మీ ఇంట్లో కూడా పెద్దవాళ్లతో అది ఒకసారి నొక్కించి చూడండి.

ఇక పూత. గోడ లోపలి వైపు సాధారణంగా ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్లు ఇసుక కలుపుతారు, మందం 12 మిల్లీమీటర్లు. పైకప్పు అడుగున పూత జారిపోకుండా సిమెంటు పాలు పెంచి, మందం 6 మిల్లీమీటర్లకు తగ్గిస్తారు. కాంక్రీటు స్తంభానికి ఇటుక గోడ తగిలే చోట సన్నని తీగ జాలీ కొట్టి, దాని మీద పూయాలి. ఎండకు ఈ రెండూ ఒకేలా వ్యాకోచించవు. జాలీ లేకపోతే సరిగ్గా ఆ గీత వెంబడే పగులు వస్తుంది. మే నెలలో రాయ్‌పూర్ ఎండ 44, 45 డిగ్రీలకు వెళ్తుంది కాబట్టి ఇక్కడ ఇది మరీ ముఖ్యం.

మా సిమెంటు దూరం నుంచి రాలేదు. రాయ్‌పూర్ చుట్టుపక్కల నేల కింద సున్నపురాయి పొరలు ఉన్నాయి. బలౌదా బజార్, భాటాపారా ప్రాంతంలో సిమెంటు కర్మాగారాలు అందుకే వెలిశాయి. పక్కనే భిలాయి ఉక్కు కర్మాగారం ఉంది. అక్కడ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో మొదలైంది. ఇనుము కరిగించాక మిగిలే స్లాగ్‌ను పొడి చేసి సిమెంటులో కలుపుతారు. కోర్బా విద్యుత్ కేంద్రాల్లో బొగ్గు కాలగా మిగిలే బూడిద ఇటుకలవుతుంది. మా గోడల ఇటుకలు ఎర్రగా కాక బూడిద రంగులో ఉండటానికి కారణం అదే. అయితే స్లాగ్ లేదా బూడిద కలిసిన సిమెంటు మామూలు సిమెంటు కన్నా నెమ్మదిగా గట్టిపడుతుంది. ఎక్కువ రోజులు తడి కావాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కాంక్రీటుకు మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, ఇలాంటి మిశ్రమ సిమెంటైతే కనీసం 10 రోజులు తడి ఉంచాలి. పూతకు కూడా మేము 10 రోజులే లెక్క పెట్టుకున్నాం.

ఇక్కడ చాలామంది ఒక మాట అంటుంటారు: సిమెంటు ఎండలో ఆరితే గట్టిపడుతుందని. అది నిజం కాదు. సిమెంటు ఆరి గట్టిపడదు, నీటితో రసాయన చర్య జరిపి గట్టిపడుతుంది. నీళ్లు ముందే ఆవిరైపోతే ఆ చర్య మధ్యలో ఆగిపోతుంది. దీన్ని మేము సులువుగా చూశాం. మేస్త్రి కలిపిన మాలును రెండు స్టీలు మూతల్లో పోశాం. మర్నాటికి గట్టిపడిన రెండు బిళ్లల్లో ఒకదాన్ని డాబా మీద ఎండలో పెట్టాం, రెండోదాన్ని బకెట్టు నీళ్లలో వేశాం. వారం తరువాత రెండింటినీ మేకుతో గీశాం. ఎండలోది పొడి రాలింది. నీళ్లలోదాని మీద సన్నని గీత మాత్రమే పడింది. ఆ రెండు బిళ్లలనూ నాన్న కాంట్రాక్టరు చేతిలో పెట్టారు. ఆ తరువాత రోజుకు మూడుసార్లు తరాయి ఎవరూ అడగకుండానే జరిగింది. ఎండ తగిలే పడమటి గోడకు తడి గోనెపట్టాలు కట్టారు.

పుస్తకంలో ఎక్కువ పేజీలు పట్టింది స్నానాల గది. నీళ్లు దిగకుండా మందు పూశాక, బిళ్లలు పరిచే ముందు, నీళ్లు పోయే రంధ్రాన్ని మూసి గదిలో నీళ్లు నింపి చూడాలి. గోడ మీద పెన్సిలుతో గీత గీసి, మర్నాడు నీటి మట్టం ఎంత తగ్గిందో కొలవాలి. చెప్పినంత తేలిక కాదిది. రాయ్‌పూర్ ఎండాకాలంలో ఏమీ కారకపోయినా నీళ్లు తగ్గుతాయి. మరి తగ్గినదాంట్లో గాలిలోకి పోయింది ఎంత, కిందికి దిగింది ఎంత? అక్క ఒక ఉపాయం చెప్పింది. అదే గదిలో ఒక వెడల్పాటి టబ్బులో నీళ్లు పోసి పెట్టాలి. టబ్బు కారదు కాబట్టి దానిలో తగ్గినంతా ఆవిరే. సైన్సు ప్రయోగాల్లో కంట్రోల్ అనేది ఇదే. మొదటి రోజు నేల కొంత నీటిని పీల్చుకుంటుంది. అందుకే లెక్క రెండో రోజు నుంచి మొదలుపెట్టాం. టబ్బులో 6 మిల్లీమీటర్లు తగ్గింది. నేల మీద 19.

కాంట్రాక్టరు ఒప్పుకోలేదు. ఎండకు ఆవిరైపోయిందన్నాడు. బిళ్లలు పరిచేవాళ్లు వచ్చి కూర్చున్నారు, వాళ్ల కూలి ఎవరిస్తారని అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే. రోజు కూలి మీద బతికేవాళ్లను ఊరికే కూర్చోబెట్టకూడదు. నాన్న టబ్బు చూపించి, లెక్క చూపించి, ఆ కూలిలో సగం తాను ఇస్తానన్నారు. వెతికితే నీళ్లు పోయే పైపు చుట్టూ, అది నేలలోకి దిగే చోట, వెంట్రుకంత సందు కనబడింది. దాన్ని మూయడానికి ఒక పూట పట్టింది. మళ్లీ నీళ్లు నింపి చూస్తే టబ్బులోనూ నేల మీదా తగ్గుదల ఒకటే. బిళ్లలు పరిచాక ఈ సందు బయటపడి ఉంటే నేలంతా పగలగొట్టవలసి వచ్చేది. నేల వాలు మాత్రం తమ్ముడు గోళీతో చూశాడు. మీటరుకు ఒక సెంటీమీటరుకు పైగా వాలు ఉండాలి. ఏ మూలలో వదిలినా గోళీ రంధ్రం దగ్గరికి దొర్లి వస్తే సరిపోయినట్టే.

తలుపులు, కిటికీలు, కుళాయిల గురించి పుస్తకంలో పెద్దగా ఏమీ లేదు. అవి సవ్యంగానే వచ్చాయి. ముంగిట్లో మాత్రం టైల్సు కాకుండా ఇక్కడ దొరికే ఫర్షీ రాయి పరిచాం. పొరలు పొరలుగా విడివడే ఈ సున్నపురాయి మన కడప రాయికి దూరపు చుట్టం లాంటిది. తడిసినా కాలు జారదు.

అసలు చిక్కు ముహూర్తంతో వచ్చింది. ఆషాఢంలో గృహప్రవేశం చేయరు. కాబట్టి జ్యేష్ఠంలోనే, జూన్ మొదటి వారంలో ముహూర్తం పెట్టించింది నాన్నమ్మ. తరాయి ముగిసింది మే నెలాఖరులో. ఇంత ఎండలో తడి ఎక్కడుంటుంది, వెంటనే పుట్టీ పెట్టి రంగు కొట్టేద్దాం అన్నారు పనివాళ్లు. తడి ఉందో లేదో చూడటానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న పారదర్శక ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి, ఒక రోజు వదిలేయాలి. హాల్లో కాగితం పొడిగానే ఉంది. ఎండ రాని ఉత్తరపు గదులు రెండింటిలోనూ కాగితం లోపలి వైపు నీటి చుక్కలు పట్టాయి.

తడి గోడ మీద రంగు వేస్తే ఏమవుతుంది? లోపలి నీరు బయటికి వస్తూ రంగును బొబ్బల్లా లేపుతుంది. తనతో లవణాలను తెచ్చి గోడ మీద తెల్లటి పొడిగా వదులుతుంది. పైగా కొత్త సిమెంటుకు క్షారగుణం ఎక్కువ, అది రంగును పాడుచేస్తుంది. అలాగని ముహూర్తం దాటిస్తే ఆషాఢం, ఆపై వానలు. అద్దె ఇంటి గడువు జూన్‌తోనే ముగుస్తోంది.

దారి చూపింది నాన్నమ్మే. "సున్నం కొట్టండి, పాలు పొంగించడానికి సున్నం చాలు" అంది. దీని వెనుక ఉన్న శాస్త్రాన్ని మేము తరువాత చదివి తెలుసుకున్నాం. సున్నపురాయిని కాల్చితే పొడి సున్నం వస్తుంది. నీళ్లు పోస్తే అది కుతకుత ఉడుకుతుంది (దూరంగా నిలబడాలి, కంట్లో పడితే ప్రమాదం). ఆ తడి సున్నాన్ని గోడకు కొట్టాక అది గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని మళ్లీ సున్నపురాయిగా, అంటే కాల్షియం కార్బొనేట్‌గా మారుతుంది. ఈ పొర గుండా నీటి ఆవిరి బయటికి పోగలదు, కాబట్టి గోడ ఆరడం ఆగదు. ఇక్కడి పల్లెల్లో మట్టి గోడలకు పూసే ఛుహీ అనే తెల్ల మట్టి కూడా గోడను ఇలాగే ఊపిరి పీల్చుకోనిస్తుంది. నాన్నమ్మ సున్నాన్ని గుడ్డలో వడగట్టించి, కాస్త జిగురు, చిటికెడు నీలిమందు కలిపించింది. రెండు పూతలకు ఇల్లు తెల్లగా మెరిసింది.

ఇందులో నష్టం లేకపోలేదు. సున్నం మీద పుట్టీ సరిగా పట్టదు. తరువాత గరుకు కాగితంతో గోకించాలి, దానికి అదనంగా కూలి పడుతుంది. నాన్న ఆ ఖర్చును ముందే కుడి పేజీలో వేసుకుని, దాని పక్కన రంగు లేచిపోతే మళ్లీ వేయించే ఖర్చు వేశారు. మొదటిది రెండోదాంట్లో నాలుగో వంతు కూడా లేదు. చూడవచ్చిన చుట్టాల్లో ఒకరిద్దరు "రంగు వేయించలేదేం?" అని అడిగారు. అడిగినవాళ్లందరికీ అమ్మ ప్లాస్టిక్ కాగితం మీది చుక్కల ఫొటో చూపించింది.

ఆ వానాకాలమంతా ప్రతి ఆదివారం అవే గోడలను అదే చోట నిలబడి ఫొటో తీశాం. పడమటి గోడ మీద వెంట్రుకలాంటి పగులు ఒకటి కనబడింది. దాని రెండు చివర్లా పెన్సిలుతో తేదీ వేశాం. సెప్టెంబరు దాకా అది ఆ గీతలు దాటలేదు, అంటే పగులు పూతలోనే ఉంది, గోడలో లేదు. దసరా సెలవుల్లో ఉత్తరపు గదుల్లో మళ్లీ ప్లాస్టిక్ కాగితాలు అంటించాం. మర్నాడు తీసి చూస్తే రెండూ పొడిగా ఉన్నాయి. సోమవారం నుంచి గోకుడు పని మొదలైంది. దీపావళికి ముందు హాలు, తరువాత గదులు రంగు వేసుకున్నాయి. ఏ గదికి ఏ రంగు, డబ్బా మీది నంబరు ఎంత అన్నది 187వ పేజీలో ఉంది.