పదవ తరగతి ఇంగ్లీషు పరీక్ష: పంచాయతీ సభ్యులు చేయదగిన సహాయము

సంక్రాంతి వెళ్ళినది. ధాన్యము ఇల్లు చేరినది. ఇక మార్చి నెలలో మన గ్రామములలో మరియొక పంట చేతికి రావలసియున్నది. పదవ తరగతి చదువుచున్న మన బాలబాలికల చదువే ఆ పంట. పది సంవత్సరముల శ్రమ ఆ కొద్ది దినములలో తేలును.

ఈ పరీక్షలో పిల్లలను మిక్కిలి భయపెట్టు విషయములలో ఇంగ్లీషు ఒకటి. “మా యింట నెవ్వరికిని ఇంగ్లీషు రాదు. మేమేమి సహాయము చేయగలము?” అని తల్లిదండ్రులు అనుచుందురు. పంచాయతీ సభ్యులలో కూడ ఇట్లు తలచువారు కలరు. ఇంగ్లీషు ఒక్క ముక్క రానివారు సైతము ఈ పరీక్షకు బిడ్డను సిద్ధపరచుటలో ఎంతో చేయగలరని తెలుపుటయే ఈ పాఠము యొక్క ఉద్దేశము.

పరీక్ష దేనిని శోధించును?

ఆంధ్రప్రదేశ్ పబ్లిక్ పరీక్షలో ఇంగ్లీషు ప్రశ్నపత్రమునకు 100 మార్కులు. ఉత్తీర్ణతకు 35 మార్కులు కావలెను. కాలము 3 గంటల 15 నిమిషములు. అందులో 15 నిమిషములు ప్రశ్నపత్రమును చదువుకొనుటకే ఇచ్చినవి. ప్రశ్నలు మూడు విధములు. మొదటిది, ఇచ్చిన భాగమును చదివి గ్రహించుట. రెండవది, వ్యాకరణము, పదజాలము. మూడవది, ఉత్తరము, డైరీ, సంభాషణ వంటివానిని స్వంతముగా వ్రాయుట.

దీనినిబట్టి ఒక సంగతి స్పష్టము. పరీక్ష శోధించునది జ్ఞాపకశక్తిని మాత్రమే కాదు. చదివి గ్రహించు శక్తిని, స్వంత వాక్యము వ్రాయు శక్తిని. గైడులలోని జవాబులను కంఠస్థము చేసినంత మాత్రమున ఈ రెండును రావు.

ఒక గ్రామములో ఒక బాలికతో మాటలాడు అవకాశము నాకు కలిగినది. ఆమె విహారయాత్రను గూర్చి స్నేహితురాలికి వ్రాయు ఉత్తరమును చక్కగా వల్లించినది. పాఠశాలలో జరిగిన పరీక్షలో, వీధిదీపము వెలుగుటలేదని సర్పంచికి ఉత్తరము వ్రాయుమని అడిగిరి. ఆమె విహారయాత్ర ఉత్తరమునే వ్రాసి వచ్చినది. “వచ్చినది వ్రాసితిని గదా, మార్కులు ఏల రాలేదు?” అని ఆ బిడ్డ కన్నీరు పెట్టుకొన్నది. ఆ వీధిలో దీపము నిజముగనే వెలుగుట లేదు. ఆ విషయమును తెలుగులో ఆమె అనర్గళముగా చెప్పగలదు. ఇంగ్లీషులో నాలుగు స్వంత వాక్యములు వ్రాయు అలవాటు మాత్రము ఆమెకు ఎవ్వరును చేయింపలేదు.

తెలుగు బిడ్డ ఎచ్చట తడబడును?

తెలుగు వ్రాసినట్లు పలుకబడును. ఇంగ్లీషు అట్లు కాదు. 26 అక్షరములతోనే అంతకన్న ఎక్కువ ధ్వనులను వ్రాయవలసియున్నది. బి-యు-టి ‘బట్’ అగును; పి-యు-టి ‘పుట్’ అగును. కావున మాటను చెవితో విని, కంటితో చూచి, చేతితో వ్రాసి నేర్చుకొనవలెను.

వాక్యనిర్మాణము సైతము వేరు. “రైతు పొలము దున్నెను” అనునపుడు మనకు క్రియ చివర వచ్చును. ఇంగ్లీషులో ‘ది ఫార్మర్ ప్లౌడ్ ది ఫీల్డ్’ అనవలెను. అనగా దున్నిన పని రైతు వెంటనే వచ్చును, పొలము తరువాత వచ్చును. మనము “బల్ల మీద” అందుము. వారు ‘ఆన్ ది టేబుల్’ అని ‘మీద’ అను మాటను ముందుకు తెత్తురు. నామవాచకములకు ముందు వచ్చు ‘ఏ, యాన్, ది’ అను చిన్నమాటలకు సరియైనవి తెలుగులో లేవు. “ఆమె వెళ్ళును” అనుటకు ‘షి గో’ అని వ్రాసిన తప్పు, ‘షి గోస్’ అని వ్రాయవలెను. పిల్లలు వ్రాయు తప్పులలో పెక్కు ఈ నాలుగైదు స్థలములలోనే యుండును. కావున ఇవి మందబుద్ధివలన వచ్చిన తప్పులు కావు, తెలుగు అలవాటువలన వచ్చినవి. సాధనచే తొలగిపోవును.

పరభాష ఎవ్వరికిని పుట్టుకతో రాదు. 1817లో మద్రాసునకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌను తెలుగును పెద్దవాడైన పిదపనే నేర్చుకొనెను. తరువాత కడపలో పండితులను చేర్చి తెలుగు గ్రంథములను పరిష్కరింపజేసెను. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువును ప్రచురించెను. ఇంగ్లీషువానికి తెలుగు సాధ్యమైనపుడు తెలుగు బిడ్డకు ఇంగ్లీషు అసాధ్యమెట్లగును?

దినమునకు ఒక గంట

పరీక్షకు ముందు వారములో రాత్రింబవళ్ళు చదువుటకన్న, నేటి నుండి దినమునకు ఒక్క గంట చదువుట మేలు. ఆ గంటను ఇట్లు పంచుకొనవచ్చును.

1. పదిహేను నిమిషములు పాఠ్యపుస్తకములోని ఒక పుటను పైకి చదువవలెను. తరువాత పుస్తకము మూసి, చదివినది తెలుగులో తల్లికో తండ్రికో చెప్పవలెను. తల్లికి ఇంగ్లీషు రానక్కరలేదు. బిడ్డ చెప్పునది ఆమెకు అర్థమైనచో బిడ్డకు ఆ పుట అర్థమైనట్లే. చెప్పలేక తడుముకొన్నచో, మరుసటి దినమున ఉపాధ్యాయుని అడుగవలసిన చోటు అదియేనని తెలియును.

2. పది నిమిషములు ఐదు క్రొత్త మాటలు నేర్చుకొని, ఒక్కొక్క మాటతో ఒక స్వంత వాక్యము వ్రాయవలెను.

3. ఇరువది నిమిషములు తన యింటిని, వీధిని, పొలమును గూర్చి ఎనిమిది పది వాక్యములు వ్రాయవలెను. చిన్న వాక్యములే చాలును.

4. మిగిలిన పదిహేను నిమిషములు ఉపాధ్యాయుడు దిద్దియిచ్చిన తప్పులను సరిచేసి తిరిగి వ్రాయవలెను. దిద్దిన తప్పును తిరిగి వ్రాయనిచో అది మరల వచ్చును.

వారమునకు ఒకసారి పాత ప్రశ్నపత్రమును గడియారము ముందుంచుకొని పూర్తిగా వ్రాయవలెను. ప్రశ్నను రెండుమారులు చదివి, అడిగినది ఏమో తెలిసికొనిన పిమ్మటనే కలము పట్టవలెను. ఏ ప్రశ్నను విడువరాదు.

పంచాయతీ చేయదగిన పనులు

1992లో చేసిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో, పంచాయతీలకు అప్పగింపదగిన విషయములుగ ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలల విద్యయు, గ్రంథాలయములును పేర్కొనబడినవి. కావున ఈ పని మనది కాదని అనుకొనరాదు.

మొదటిది, చోటు. ఒకే గది యున్న ఇంట, టెలివిజను మ్రోగుచుండగా, బిడ్డ చదువుట కష్టము. సాయంకాలము రెండు గంటలు పంచాయతీ భవనములోనో పాఠశాలలోనో దీపము, చాపలు, మంచినీరు ఏర్పాటు చేయవచ్చును. బాలికలను ఇంటికి భద్రముగా చేర్చుటకు పెద్దలు వంతులవారీగా ఉండవలెను.

రెండవది, నిశ్శబ్దము. 2000 సంవత్సరపు శబ్దకాలుష్య నియమములను బట్టి రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వరకు లౌడుస్పీకర్లు సాధారణముగ నిషిద్ధములు. పరీక్షల నెలలో జాతరలకు, పెండ్లిండ్లకు మైకు ఇంకను ముందుగనే ఆపుదుమని గ్రామసభలో అందరును ఒప్పుకొన్నచో ఎంతో మేలు.

మూడవది, పుస్తకములు. మనము ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును చెల్లించుచున్నాము. ఒక నిఘంటువు, ఒక ఇంగ్లీషు దినపత్రిక, పాత ప్రశ్నపత్రములు దగ్గరి శాఖా గ్రంథాలయములో లభించునట్లు కోరు హక్కు మనకు కలదు.

నాలుగవది, ఉత్తరముల సాధన. పదవ తరగతి పిల్లలను తమ వీధిలోని ఒక లోపమును గూర్చి సర్పంచికి ఇంగ్లీషులో ఉత్తరము వ్రాయుమని కోరవలెను. ఉపాధ్యాయుడు దిద్దిన పిమ్మట ఆ ఉత్తరములను పంచాయతీ సమావేశములో పిల్లలచేతనే చదివించి, తెలుగులో అర్థము చెప్పింపవలెను. అందు వ్రాసిన దీపమో, కుళాయియో బాగుపడినచో, అంతకు మించిన బహుమానము ఆ బిడ్డకు మరియొకటి లేదు. మాటకు శక్తి కలదని ఆ బిడ్డ నేర్చుకొనును.

ఐదవది, బాలికల గంట. బాలుడు చదువుచుండగా బాలిక అంట్లు తోముట పెక్కు ఇండ్లలో కనబడును. ఆ గంట ఇంటిపని నుండి ఆమెకు విడుదల కలిగించుమని ఇల్లిల్లు తిరిగి చెప్పవలసినది మహిళా సభ్యులు మాత్రమే కాదు, పురుష సభ్యులును.

ఫలితము వచ్చిన దినము

అందరును ఉత్తీర్ణులు కావలెననియే మన కోరిక. అయినను ఒకరిద్దరు తప్పవచ్చును. పంచాయతీ సభ్యుడు మొదట వెళ్ళవలసినది ఆ బిడ్డ ఇంటికే. ఇంగ్లీషు ఒక్కటి తప్పిన బాలుని పనికి పంపుట, బాలికకు సంబంధము చూచుట అనునవి తరచు ఆ వారములోనే మొదలగును. 18 సంవత్సరములు నిండని బాలికకు వివాహము చేయుట 2006 సంవత్సరపు చట్టమును బట్టి నేరము.

అదే సంవత్సరము సప్లిమెంటరీ పరీక్ష జరుగును. ఉత్తీర్ణులైన విషయములను తిరిగి వ్రాయనక్కరలేదు. రుసుము చెల్లించుటకు గడువు కొద్దిదినములే యుండును గనుక, ఆలస్యము చేయక ప్రధానోపాధ్యాయుని కలిసి ఆ పని జరిపింపవలెను. “ఒక్క పరీక్షయే గదా తప్పినది, చదువు తప్పలేదు” అని పెద్దవారొకరు ఇంటికి వచ్చి చెప్పిన మాట ఆ బిడ్డ భవిష్యత్తును నిలుపగలదు.

సమావేశములో చర్చించుటకు ప్రశ్నలు

1. మన గ్రామములో ఈ సంవత్సరము పదవ తరగతి వ్రాయువారు ఎందరు? వారిలో బాలికలు ఎందరు?

2. సాయంకాలము చదువుకొనుటకు చోటు లేనివారు ఎవరు?

3. నిరుడు తప్పినవారు ఇప్పుడు ఏమి చేయుచున్నారు? వారిని తిరిగి పరీక్షకు కూర్చుండబెట్టుటకు ఏమి చేయవలెను?

ఈ మూడు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొనిన పంచాయతీ, పరీక్షకు సగము సిద్ధపడినట్లే.