తరుగు అంటే ఏమిటి?

పత్తికొండ టమోటాకు పేరు. చుట్టుపక్కల పల్లెల రైతులు కాయలను పత్తికొండ మార్కెట్టుకు తెస్తారు. అక్కడ వేలం జరుగుతుంది. కాయలు అమ్మిన వాళ్ల చేతికి ఒక చీటీ వస్తుంది.

ఒక పల్లెలో ఒక అక్క ఆ చీటీ పట్టుకుని రాత్రి బడికి వచ్చింది.

"టీచరమ్మా! 400 కిలోలు దింపినాము. 360 కిలోలకే దుడ్లు ఇచ్చినారు. తక్కినవి యాడికి పోయినాయి?" అని అడిగింది.

"చీటీలో ఏముందో నువ్వే చదువక్కా" అంది టీచరమ్మ.

అక్క వేలు పెట్టి కూడబలుక్కుని చదివింది. "త... రు... గు. తరుగు 40 కిలోలు."

"తరుగు అంటే కూరగాయలు తరిగేది కదా?" అంది. అందరూ నవ్వారు.

"అక్క చెప్పింది తప్పు కాదు. ఈ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది" అంది టీచరమ్మ. బోర్డు మీద "తరుగు" అని రాసింది. చుట్టూ గుండ్రంగా గీత గీసింది. "ఈ మాట ఇంకా యాడ విన్నారు?" అని అడిగింది.

"ఎండాకాలం బావిలో నీళ్లు తరుగుతాయి" అంది ఒకామె.

"పున్నమి పోతే చంద్రుడు తరుగుతాడు" అంది ఇంకొకామె.

"కమ్మలు చేయిస్తే తరుగు, మజూరీ అని లెక్క కడతారు" అంది ఒక పెద్దమ్మ.

టీచరమ్మ అన్నీ ఆ మాట చుట్టూ రాసింది. అందరూ చదివారు. అక్కకు అర్థమైంది. తరుగు అంటే తగ్గడం. చీటీలో తరుగు అంటే తూకంలో తగ్గించి లెక్క కట్టింది.

"తరుగుకు ఎదురు మాట?" అడిగింది టీచరమ్మ.

"పెరుగు!" అన్నారు అందరూ. ఆ మాటకూ రెండు అర్థాలున్నాయి. గిన్నెలో ఉండేదీ పెరుగే. చెట్టు ఎదగడమూ పెరుగుటే.

మరునాడు చీటీలోని తక్కిన మాటలు నేర్చుకున్నారు. కాటా, హమాలీ, కమీషన్, బాకీ. ఒక్కో మాటను ఒక్కో కాగితం మీద రాశారు. కాగితాలు మడిచి చేటలో వేశారు. ఒక్కొక్కరు ఒకటి తీసి చదివారు. ఆ మాటతో ఒక వాక్యం చెప్పారు.

అంతకు ముందు అక్క చీటీని మడిచి కొంగున కట్టుకునేది. తరువాతి కోతకు అక్కడే నిలబడి చదివింది. "అన్నా, ఈ తరుగు దేనికి? చెడిన కాయలు ఏవో చూపించు" అని అడిగింది. గుమాస్తా లెక్క మళ్లీ చూశాడు.

మాట తెలిస్తే ప్రశ్న పుడుతుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో చదువు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా గురించి పాఠం చదివారు. కూర్చుని మాట్లాడుకున్నారు. ఊళ్లో సారా అమ్మకం ఆపించారు. 1992లో ఆ పోరాటం చాలా ఊళ్లకు పాకింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారాను నిషేధించారు.

మీరూ చేయండి

1. మీ ఇంట్లోని ఒక చీటీ గానీ, కరెంటు బిల్లు గానీ, బ్యాంకు పుస్తకం గానీ తీయండి. తెలియని మాట ఒకటి వెతకండి. దాని చుట్టూ గీత గీయండి.

2. ఆ మాట ఎక్కడెక్కడ విన్నారో నలుగురూ చెప్పుకోండి. రాయండి.

3. ఆ మాటతో రెండు వాక్యాలు రాయండి.

4. కిలో టమోటా 10 రూపాయలు. తరుగు 40 కిలోలు. ఎన్ని రూపాయలు తగ్గాయి?